అమ్మాయి కంపెనీ పెడతానంటే...

ఊరిబిండి నూరుతున్నాను. సెలవులకు వచ్చిన మా అమ్మాయి రోటి పక్కన పీట వేసుకుని కూర్చుంది. "అమ్మా, నేను బెంగళూరు ఉద్యోగానికి పోను. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఇక్కడే కంపెనీ పెడతాను. కృత్రిమ మేధ పని" అంది. పచ్చడి బండ నా చేతిలోనే ఆగిపోయింది.

"ఇంజనీరింగు చదివించింది దీనికేనా?" అని వాళ్ళ నాయన లేచి బయటికి పోయినారు. "ఆడపిల్లకు యాపారమేందమ్మీ?" అని మా అత్త నోరు నొక్కుకుంది. నా భయం మాత్రం వేరే. పెట్టుబడికి నా గొలుసు కుదువ పెట్టమంటోంది. అది దాని పెళ్ళికని ప్రొద్దుటూరులో కొని దాచింది!

సరే, తిట్టే ముందు తెలుసుకుందామని నెలరోజులు వాళ్ళనీ వీళ్ళనీ అడిగాను. మీ ఇంట్లో కూడా రేపో మాపో ఈ మాట వినపడవచ్చు. అందుకే నాకు తెలిసినది మీతో చెప్పుకుంటున్నాను.

ఇంతకీ ఏమిటిది?

కొత్త కోడలికి సంగటి కెలకడం పుస్తకం చూసి రాదు. పదిసార్లు చూస్తుంది, నాలుగుసార్లు ఉండలు కట్టిస్తుంది, ఆ తర్వాత చేయి తిరుగుతుంది. కృత్రిమ మేధ కూడా అంతే. వేలకొద్దీ ఫోటోలు చూపించి "ఇది మంచి కాయ, ఇది మచ్చ కాయ" అని చెబుతూ పోతే యంత్రం పోలికలు పట్టుకుంటుంది. తప్పు చూపిస్తే తప్పే నేర్చుకుంటుంది.

ఇక్కడే మనకు అవకాశం ఉందంటుంది మా అమ్మాయి. పరదేశపు తోటల ఫోటోలతో నేర్చిన యంత్రానికి పులివెందుల చీనీకాయ సంగతి ఏం తెలుస్తుంది? మన కాయకు పట్టే మంగు ఎట్లా ఉంటుందో మన రైతుకు తెలుసు, తోటలో కూలికి పోయే ఆడవాళ్ళకు తెలుసు. ఆ తెలివిని యంత్రానికి నేర్పే పని ఇక్కడే ఉండి చేయాలి.

ఇప్పుడు చీనీ ధర ఎట్లా తేలుతోంది? వ్యాపారి కుప్పను కంటితో చూసి చెప్పిందే ధర. అదే కాయల నాణ్యత ఫోన్లో ఫోటో తీసి లెక్కగా చూపగలిగితే రైతు నోటికి కొంచెం బలం వస్తుంది కదా!

ఖమ్మంలో ఏం జరిగింది?

ఇది గాలిలో మాట కాదు. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి ఖమ్మం జిల్లాలో 'సాగు బాగు' అని ఒక ప్రయత్నం చేశాయి. 7 వేల మంది మిర్చి రైతులకు ఫోన్లో సలహాలు, భూసార పరీక్షలు, యంత్రంతో మిర్చి నాణ్యత చూడటం, కొనేవాళ్ళతో కలపడం వంటివి చేశారు. ఈ పని చేసింది కొత్తగా పుట్టిన చిన్న కంపెనీలు, ఒక స్వచ్ఛంద సంస్థ. 2023లో చెప్పిన ఫలితాల ప్రకారం ఎకరా దిగుబడి 21 శాతం పెరిగింది. పురుగుమందు 9 శాతం, ఎరువు 5 శాతం తగ్గాయి. ధర 8 శాతం ఎక్కువ పలికింది. అయితే ఆ ప్రయత్నం పూర్తి కావడానికి ఏడాదిన్నర పట్టిందట. ఆ మాట నేను మా అమ్మాయికి రెండుసార్లు చదివి వినిపించాను!

ఆసరా ఎక్కడ?

హైదరాబాదులో కొత్త కంపెనీల కోసం 2015లో టీ హబ్ వచ్చింది. ఆడవాళ్ళ కోసమే 2018 మార్చి 8న వీ హబ్ పెట్టారు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 20న మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. దానికి విశాఖపట్నం, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో శాఖలు. ఆ ఐదింటిలో కడప పేరు లేదు. మన పిల్లలు సలహా కోసం తిరుపతికో అనంతపురానికో బస్సెక్కాలి.

కానీ చదువు మాత్రం మన గడపలోనే ఉంది. ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పల్లెటూరి పిల్లలే ఎక్కువ. వాళ్ళందరూ పట్టా చేతికి రాగానే బెంగళూరు బస్సెక్కితే మన ఊళ్ళకు మిగిలేది పండక్కి వచ్చే పిల్లలే. కొందరైనా ఇక్కడ నిలబడాలంటే పెద్దవాళ్ళం కాస్త ఓపిక పట్టాలి.

పెద్ద కంప్యూటర్లు కొనాలేమో, కోట్లు కావాలేమో అనుకున్నాను. అక్కరలేదట. గంటల లెక్కన అద్దెకు దొరుకుతాయి. 2024 మార్చిలో కేంద్రం ఒప్పుకున్న ఇండియా ఏఐ మిషన్ కింద ఆ అద్దె తగ్గించి ఇస్తున్నారు. చిన్న పెట్టుబడికి ముద్ర రుణం ఉంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా హామీ ఆస్తి లేకుండా ఇస్తారు. ఉద్యమ్ నమోదు ఉచితం. డబ్బు అడిగిన దళారీని నమ్మకండి. అయితే ఒక్క సంగతి, రుణం అంటే తీర్చవలసిందే సుమా!

తల్లులు అడగవలసినవి

ఒకటి, మీ పనికి డబ్బు ఇచ్చేది ఎవరు? రైతా, వ్యాపారా, ప్రభుత్వమా? ఈ జవాబు లేకుంటే మిగతావి అడగనక్కరలేదు.

రెండు, భాగస్వాముల వాటాలు కాగితం మీద రాసుకున్నారా? స్నేహం వేరు, లెక్క వేరు.

మూడు, రైతు తోటలో ఫోటోలు తీస్తే అతనికి చెప్పి తీస్తున్నారా?

నాలుగు, ఏడాదిలో నిలదొక్కుకోకపోతే ఏం చేస్తారు?

ఐదు, పోయినా ఇల్లు కదలని డబ్బు ఎంత? అంతే పెట్టండి.

మా ఇంట్లో ఏం తేలింది?

గొలుసు కుదువ పెట్టలేదు. నా పొదుపు సొమ్ము 40 వేలు ఇచ్చాను, ఏడాది గడువు పెట్టాను. వాళ్ళ నాయన ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు గానీ, పక్క ఊరి తోటకు తన మోటారు సైకిలు మీద దింపి వస్తున్నారు.

మొదటి వారమే యంత్రం దుమ్ము పట్టిన కాయలన్నిటినీ మంగు అని చెప్పింది. అమ్మాయి ఏడుపు ముఖంతో ఇంటికొచ్చింది. మా అత్త విని నవ్వి, "కాయ తుడిచి చూపియ్యమ్మీ, నాకైనా అట్లనే కనపడుతుంది" అంది. ఇప్పుడు ముగ్గురు పిల్లలూ సంచిలో తడిగుడ్డ పెట్టుకుని పోతున్నారు. మా అత్త కూడా వాళ్ళతో తోటకు పోయి ఏది మంగో, ఏది ఎండదెబ్బో వేలు పెట్టి చూపిస్తోంది.

1990లలో డ్వాక్రా సంఘాలు ఊరూరా విస్తరించినప్పుడు, రోజుకో రూపాయి దాచి ఆడవాళ్ళు ఏం సాధిస్తారని నవ్వినవాళ్ళున్నారు. వేలిముద్ర వేసే అమ్మలే తర్వాత బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మన పిల్లలు అంతకన్నా ఎక్కువే చదువుకున్నారు కదా!

గడువు తీరడానికి ఇంకా 7 నెలలుంది. నెగ్గుతుందో లేదో నాకు తెలియదు. గొలుసు బీరువాలోనే ఉంది. బిడ్డ మాత్రం మా కళ్ళెదుటే ఉంది.