‘నీకేం కావాలి?’ అని అడిగేవాడే అసలు కోచ్!

తెరమీద హీరోకి జీవితాశయం దొరకటానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క పాట చాలు! పల్లవిలో ఆవారాగా తిరిగిన కుర్రాడు రెండో చరణం అయ్యేసరికి సూటూ బూటూ వేసుకుని ఫ్యాక్టరీ గేటు ముందు కారు దిగుతాడు. మరి డిగ్రీ సర్టిఫికెట్టు చేత్తో పట్టుకుని క్రోసూరులో బస్సు దిగి, “తరవాత ఏమిటి?” అని దిక్కులు చూసే కుర్రాడి మాటేమిటి? ఆ పాట అతనికెవరు రాసిపెడతారు?

“మేం రాసిపెడతాం” అంటూ ఇప్పుడు లైఫ్ కోచ్‌లూ, లీడర్‌షిప్ కోచ్‌లూ బయల్దేరారు. రెండు రోజుల శిక్షణ, వేలల్లో ఫీజు, చివర్లో చప్పట్లు, చేతికో సర్టిఫికెట్టు! వీళ్లలో నిజంగా దారి చూపేవాళ్లూ ఉన్నారు, ఉత్త మాటలమ్మేవాళ్లూ ఉన్నారు. ఎవరెవరో పోల్చుకోవాలంటే ముందు కోచింగ్ అంటే ఏమిటో తెలియాలి కదా!

బండి పేరు మనిషికొచ్చింది

హంగేరీ దేశంలో ‘కొచ్’ అని ఒక ఊరుంది. ఒకప్పుడు మంచి గుర్రపు బండ్లకి పేరు పడ్డ ఊరది. ఆ ఊరి పేరే బండికొచ్చి ‘కోచ్’ అయింది. మన రైలు పెట్టెని కోచ్ అనటం కూడా అక్కణ్ణించి వచ్చిందే. 1830 ప్రాంతాల్లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమని పరీక్ష గట్టెక్కించే పంతుల్ని సరదాగా ‘కోచ్’ అనటం మొదలెట్టారు. బండి ఊరు చేర్చినట్టు, పంతులు పరీక్ష దాటిస్తాడని!

పోలిక బాగుంది. కానీ ఒక్క సంగతి మరిచిపోకూడదు. బండి మనల్ని ఊరు చేరుస్తుంది, ఏ ఊరికి టిక్కెట్టు కొనాలో మాత్రం చెప్పదు. అది ప్రయాణీకుడే తేల్చుకోవాలి.

ఈ సూత్రాన్ని ఆటస్థలంలో పట్టుకున్నవాడు తిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ శిక్షకుడు. “మోచెయ్యి ఎత్తు, మోకాలు వంచు” అని కేకలెయ్యటం తగ్గించి, బంతి నేలని తాకినప్పుడో మాట, బ్యాటుకి తగిలినప్పుడో మాట పైకి అనమనేవాడు. అంతే! ఆటగాడి ధ్యాస పంతులు మీంచి బంతి మీదికి మళ్లింది, ఆట దానంతటదే మెరుగైంది. 1974లో ఆయన ఈ అనుభవాలతో రాసిన పుస్తకం టెన్నిస్ ఆడనివాళ్లు కూడా చదివారు. తరవాత జాన్ విట్‌మోర్ అనే బ్రిటిష్ కారు రేసు వీరుడు ఈ పద్ధతిని ఆఫీసులకీ, కంపెనీలకీ తీసుకెళ్లి 1992లో దానిమీద పుస్తకం రాశాడు. ఇవాళ్టి లీడర్‌షిప్ కోచింగ్‌కి ఆ రెండు పుస్తకాలూ పెద్ద పునాదిరాళ్లు.

‘స్వర్ణకమలం’లో చంద్రశేఖర్ ఎవరు?

ఇదంతా ఎక్కడో పరాయి దేశం గొడవ అనుకోకండి. 1988లో విశ్వనాథ్ తీసిన ‘స్వర్ణకమలం’ గుర్తు తెచ్చుకోండి. మీనాక్షి కూచిపూడి నాట్యాచార్యుడి కూతురు. కాళ్లలో నాట్యం ఉంది, మనసులో లేదు! ఇంటిపక్క పెయింటర్ చంద్రశేఖర్ ఆ అమ్మాయిలోని కళని చూసి, ఎలాగైనా దాన్ని పైకి తేవాలని వెంటపడతాడు. భానుప్రియ, వెంకటేష్ ఆ పాత్రలకి ప్రాణం పోశారు.

ఈ చంద్రశేఖర్ కోచా, కాదా? సగం అవును, సగం కాదు అంటాను. ఆమెలో ఆమెకే కనపడని శక్తిని చూడటం మంచి కోచ్ లక్షణం. కానీ అతను తోసినంతకాలం మీనాక్షి కాళ్లే కదిలాయి, మనిషి కదల్లేదు. తన ఆనందం నాట్యంలో ఉందని ఆమె తనంతట తాను తెలుసుకున్నాకే అసలు నర్తకి పుట్టింది. అమెరికాలో పుట్టి ఒడిస్సీ నేర్చుకున్న షారన్ లోవెన్ ఆ చిత్రంలో తన సొంత పేరుతోనే కనిపిస్తుంది. ఎవరూ బలవంతపెట్టకుండా, ఇష్టంతో ఇంతదూరం వచ్చిన కళాకారిణి మీనాక్షి ఎదుట నిలబడితే, అది వంద ఉపన్యాసాల పెట్టు!

మన పొరుగూరి లెక్చరర్

సినిమా కథ సరే, నిజ జీవితంలోనో? క్రోసూరు వాళ్లకి సత్తెనపల్లి పొరుగే. ఆ పక్కనే చాగంటివారిపాలెం. అక్కడ ఒక బీద ఇంట్లో 1956లో పుట్టిన కుర్రాడు కష్టపడి ఎం.ఏ. తెలుగు చదివి, పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో లెక్చరర్ అయ్యాడు. ఉద్యోగం వచ్చింది, నెలజీతం వచ్చింది. చాలామంది జీవితాల్లో అక్కడ ‘శుభం’ కార్డు పడుతుంది. ఈయన మాత్రం పాఠాలు చెబుతూనే మిమిక్రీ చేశాడు, జనాన్ని నవ్వించాడు. ఆ నవ్వుని జంధ్యాల పట్టుకున్నాడు. 1987లో ‘అహ నా పెళ్లంట!’లో పిసినారి కోట శ్రీనివాసరావు పక్కన అరగుండు వేషం ఇచ్చాడు. బ్రహ్మానందం పుట్టాడు!

ఇందులో జంధ్యాల వాటా ఎంత, బ్రహ్మానందం వాటా ఎంత? జంధ్యాల హాస్యాన్ని ఆయన లోపల కొత్తగా పెట్టలేదు. ఉన్నదాన్ని చూశాడు, దానికి సరిపడే వేషం ఇచ్చాడు. క్లాసురూములో, స్టేజి మీద అప్పటికే సాధన చేసుకుని ఉండబట్టే బ్రహ్మానందం ఆ వేషాన్ని నిలబెట్టుకోగలిగాడు. తరవాత వందల చిత్రాలు, గిన్నిస్ రికార్డు, 2009లో పద్మశ్రీ. అక్కడా ఆగలేదు. 2023లో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’లో నవ్వులన్నీ పక్కనపెట్టి కంటతడి పెట్టించాడు. అరవై ఏడో ఏట కొత్త మెట్టు ఎక్కటమంటే... ఎదుగుదలకి రిటైర్మెంటు లేదన్నమాట!

ఒక తేడా గమనించాలి. విశాఖలో పవన్ కల్యాణ్‌కీ, ప్రభాస్‌కీ నటన నేర్పిన సత్యానంద్, చిరంజీవికి పాఠాలు చెప్పిన దేవదాస్ కనకాల... వీళ్లు విద్య నేర్పే గురువులు. వాళ్ల దగ్గరికి ‘నటన కావాలి’ అని తేల్చుకున్నాకే వెళతారు. లైఫ్ కోచ్ పని అంతకు ముందుది: నీకు కావలసింది నటనో, కాదో నీచేతే తేల్పించటం.

ఇంద్రజాలం నుంచి వ్యక్తిత్వ వికాసానికి

తెలుగులో ఈ మాటలు ఊరూరా చేరవేసినవాళ్లలో ఇద్దరికి మన వినోదరంగంతో దగ్గరి చుట్టరికం ఉంది. ఒకరు 2025 జూన్ 30న కన్నుమూసిన డాక్టర్ బి.వి. పట్టాభిరామ్. స్టేజిమీద మేజిక్‌తో, హిప్నాటిజంతో జనాన్ని అబ్బురపరిచిన మనిషి, తరవాత విద్యార్థుల భయాలు పోగొట్టే పనిలో పడ్డాడు. రెండోవారు యండమూరి వీరేంద్రనాథ్. చార్టర్డ్ అకౌంటెంటు, నవలా రచయిత. ఆయన నవల ఆధారంగా 1984లో వచ్చిన చిరంజీవి ‘ఛాలెంజ్’లో నిరుద్యోగి హీరో అయిదేళ్లలో 50 లక్షలు సంపాదిస్తానని పందెం కాస్తాడు. ఆ సినిమా చూసి ఛాతీ విరుచుకుని బయటికొచ్చిన కుర్రాళ్లే తరవాత ఆయన ‘విజయానికి అయిదు మెట్లు’ కొని చదివారు.

అయితే ఉపన్యాసం వేరు, కోచింగ్ వేరు. ఉపన్యాసం వెయ్యిమందికి ఒకటే మాట. కోచింగ్ ఒక్కరితో మాట్లాడే మాట. పైగా అందులో ఎక్కువ మాట్లాడాల్సింది మీరు, కోచ్ కాదు!

పల్నాడు చెప్పే నాయకత్వ పాఠం

నాయకత్వమంటే పెద్ద గొంతు అనుకునేవాళ్లకి మన పల్నాటి కథే జవాబు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో గోవిందరాజుల సుబ్బారావు, 1966 చిత్రంలో ఎన్.టి. రామారావు ధరించిన బ్రహ్మనాయుడు చేసిందేమిటి? కథ ప్రకారం కులాలన్నిటినీ ఒకే చాపమీద కూచోబెట్టి చాపకూడు పెట్టాడు. అప్పటి సమాజం దూరం పెట్టిన కన్నమదాసుని సేనానిని చేశాడు. “నువ్వెవరి కొడుకువి?” అని కాక “నువ్వేం చెయ్యగలవు?” అని అడిగేవాడే నాయకుడు.

అదే కథలో రెండో పాఠమూ ఉంది. ఒక్క కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డారు, ఓడి వలసపోయారు, చివరికి కారెంపూడి నెత్తురు చూసింది. “ఓడితే ఏం చేస్తాం?” అన్న ప్రశ్నకి బరి దగ్గర చోటు లేకపోయింది. అలాంటి ప్రశ్న పందేనికి ముందే వెయ్యటం లీడర్‌షిప్ కోచ్ చెయ్యాల్సిన పని.

నాలుగు ప్రశ్నలు

విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఉన్నవి నాలుగే ప్రశ్నలు: ఏం కావాలి? ఇప్పుడెక్కడున్నావు? దారులేమున్నాయి? ఏది, ఎప్పుడు చేస్తావు? క్రోసూరు కుర్రాడొకడు కోచ్ ఎదురుగా కూచున్నాడనుకుందాం.

“ఏం కావాలి తమ్ముడూ?”

“సినిమాల్లోకి పోవాలన్నా.”

“నటించటం ఇష్టమా, నటుడనిపించుకోవటం ఇష్టమా?”

కుర్రాడు కాసేపు ఆగుతాడు. “నటించటమే అన్నా.”

“ఇప్పటికి ఎన్నిసార్లు నటించావు?”

“కాలేజీ వార్షికోత్సవంలో... ఒక్కసారి.”

“వచ్చే ఆర్నెల్లలో నటించటానికి ఏమేం దారులున్నాయి?”

“హైదరాబాదు పోవచ్చు. నాటకం వాళ్లని వేషం అడగొచ్చు. ఫ్రెండ్స్‌తో కలిసి ఫోన్లో చిన్న సినిమా తియ్యొచ్చు.”

“వీటిలో ఈ వారం చేసేదేది?”

“ఆదివారం సత్తెనపల్లి పోయి నాటకం వాళ్లని కలుస్తా.”

“మీకు మిరపకోతలున్నాయిగా?”

“పొద్దున చేనుకి పోయి, మధ్యాహ్నం బస్సెక్కుతా.”

చూశారా? కోచ్ ‘వెళ్లు’ అనలేదు, ‘మానెయ్’ అనలేదు. కలగా ఉన్నది ఆదివారం మధ్యాహ్నం బస్సు దాకా వచ్చింది! రేపు ఆ కుర్రాడికి నటన సరిపడదని తేలినా నష్టమేం లేదు. చేను అమ్ముకుని కృష్ణానగర్లో అయిదేళ్లు తిరిగాక తెలియటం కన్నా, సత్తెనపల్లిలో ఆర్నెల్లకి తెలియటం మేలు కదూ?

బోర్డు చూసి మోసపోకండి

మన దేశంలో లైఫ్ కోచ్ బోర్డు కట్టటానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా కట్టొచ్చు! 1995లో మొదలైన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య మాత్రం కొన్ని లెక్కలు పెట్టింది. దాని మొదటి గుర్తింపుకే 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం కావాలి. అందుకని ఫీజు కట్టేముందు అడగండి: ఎక్కడ నేర్చుకున్నారు? ఎంతమందితో పనిచేశారు? మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారా? “తొంభై రోజుల్లో నీ జీవితం మార్చేస్తా” అని హామీ ఇచ్చేవాడికి దూరంనుంచే దండం పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకుమీద విరక్తి కలిగినా అది కోచ్ తీర్చే సమస్య కాదు. డాక్టరు చూడాల్సింది. 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక ఫీజు కట్టే స్తోమత లేనివాళ్ల సంగతి? మీ బళ్లో మీ మాట ఓపిగ్గా విన్న మాస్టారు, ఊరు దాటి నాలుగు దెబ్బలు తిని నిలదొక్కుకున్న మేనమామ, పొదుపు సంఘాన్ని నడిపే పక్కింటి అక్క... వీళ్లలో ఒకరిని ఒక గంట అడగండి. ముందే చెప్పండి, “నాకు సలహా వద్దు, ఈ నాలుగు ప్రశ్నలే వెయ్యండి” అని. జవాబులు నోట్‌బుక్కులో మీ దస్తూరీతో రాసుకోండి. నెల తరవాత అదే మనిషి ముందు కూచుని, ఏం చేశారో, ఏం చెయ్యలేదో ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటి నెల లెక్క కాస్త సిగ్గుగానే ఉంటుంది. రెండో నెల నించీ మీరే రోజులు లెక్కపెట్టుకుంటారు!