ఈఎంఐ తగ్గితే అప్పు తగ్గినట్టేనా?

వరద తీశాక ఇంట్లో మిగిలేది బురద ఒక్కటే కాదు, ఖర్చుల ఎస్టిమేట్ కూడా. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఏటి పక్కన ఉన్న కాలనీలను ముంచేసింది. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాశ్‌నగర్... ఆ వారమంతా టీవీల్లో ఈ పేర్లే. మా ఇల్లు కూడా ఆ వైపే. బాధిత కుటుంబానికి ప్రభుత్వం ప్రకటించిన సాయం 16,500 రూపాయలు. మా తాపీమేస్త్రీ లెక్కగట్టి చెప్పింది 7 లక్షల 20 వేలు. ఈ రెండు అంకెల మధ్య తేడాను ఎక్కడి నుంచి తేవాలి?

చాలామందికి వెంటనే తట్టేది ఇల్లే. ఇంటి మీద ఇంకొంచెం అప్పు తీసుకుందాం, బ్యాంకువాళ్లు టాప్‌అప్ ఇస్తారు, లేకపోతే లోన్‌ను వేరే బ్యాంకుకు మార్చి ఎక్కువ తీసుకుందాం. వినడానికి తేలికే. కానీ ఇంట్లో అప్పటికే వేరే అప్పులు ఉండి, వాటిని ఒక ప్లాన్ ప్రకారం కడుతుంటే? మా ఇంట్లో సరిగ్గా అదే పరిస్థితి.

ప్లాన్ అంటే ఏంటి?

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఖమ్మంలో నాన్నకు చిన్న షాపు ఉంది. కరోనా తర్వాత వ్యాపారం దెబ్బతిని ఇంటి లోన్‌కు తోడు పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు బాకీ పేరుకుపోయాయి. వరదకు ఏడాది ముందే కూర్చుని అన్నీ ఒక కాగితం మీద రాశాం. ఎవరికి ఎంత, ఏ వడ్డీ, ఎప్పటికి తీరాలి. ఆ కాగితం పట్టుకుని అప్పులిచ్చినవాళ్లతో మాట్లాడితే, పర్సనల్ లోన్ గడువు పొడిగించారు. కార్డు బాకీని వాయిదాలుగా మార్చారు. అన్నీ లెటర్ రూపంలో తీసుకున్నాం.

కొన్ని దేశాల్లో ఇలాంటి ప్లాన్‌కు ఒక పద్ధతి, మధ్యలో ఒక సంస్థ ఉంటాయి. మన దగ్గర మామూలు మనుషులకు అంత ఏర్పాటు లేదు. దివాలా కోడ్‌లో వ్యక్తుల కోసం రాసిన భాగం కంపెనీలకు హామీ ఉన్నవాళ్ల విషయంలోనే, అదీ 2019 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి మన ప్లాన్ అంటే బ్యాంకు ఇచ్చిన లెటరే. ఉచితంగా సలహా ఇచ్చేందుకు బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు ఉన్నాయి. ‘సగం కడితే చాలు, మిగతాది మేం మాఫీ చేయిస్తాం’ అని ఫోన్ చేసేవాళ్లు వేరు. వాళ్ల దారిలో వెళ్తే క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. తర్వాత ఏ లోన్ అడిగినా ముందు దాని గురించే ప్రశ్న.

గడువు పొడిగించిన అప్పు కూడా రిపోర్టులో కనిపిస్తుంది. అందుకే మేం అడిగిన రెండు కొత్త బ్యాంకులు మాకు వద్దని చెప్పేశాయి. ఇంటి లోన్ ఉన్న పాత బ్యాంకు మాత్రం ప్లాన్ మొదలయ్యాక ఒక్క వాయిదా కూడా తప్పలేదని చూసి, మాట్లాడదాం రమ్మంది.

ఏజెంట్ లెక్క

ఈలోగా ఒక లోన్ ఏజెంట్ ఇంటికొచ్చాడు. ‘రిపేర్ ఒక్కటే ఎందుకు సార్? పర్సనల్ లోన్, కార్డు అన్నీ కలిపి ఇంటి మీద వేసేద్దాం. ఒకటే ఈఎంఐ. పర్సనల్ లోన్ ఒక్కదాని మీదే నెలకు ఏడు వేలు మిగులుతాయి’ అన్నాడు. నాన్న ముఖంలో నిజంగానే వెలుగొచ్చింది. ‘ఒకటే ఈఎంఐ అయితే ఈ తలనొప్పి ఉండదు కదరా’ అన్నారు.

ఆ రాత్రి ఫోన్‌లో ఈఎంఐ కాలిక్యులేటర్ తెరిచాను. మీరూ వేసి చూడండి.

పర్సనల్ లోన్ బాకీ 3 లక్షలు. వడ్డీ 15 శాతం, గడువు 3 ఏళ్లు. ఈఎంఐ సుమారు 10,400. మొత్తం మీద కట్టే వడ్డీ దాదాపు 74 వేలు.

అదే 3 లక్షలు ఇంటి మీద 9.5 శాతానికి, 15 ఏళ్లకు. ఈఎంఐ సుమారు 3,130. ఏజెంట్ చెప్పిన ఏడు వేలు నిజమే. కానీ మొత్తం వడ్డీ? 2 లక్షల 64 వేలు.

వడ్డీ రేటు తగ్గింది, ఈఎంఐ తగ్గింది, కట్టాల్సిన వడ్డీ మాత్రం మూడున్నర రెట్లయింది. మోసమేమీ లేదు, అంతా గడువు మహిమ. మనం రేటు చూస్తాం, ఈఎంఐ చూస్తాం, నెలలు లెక్కపెట్టం.

ఇదే లెక్కను తిప్పి కూడా చూడొచ్చు. 9.5 శాతానికి మార్చుకుని, పాత 10,400నే నెలనెలా కడితే 33 నెలల్లో తీరిపోతుంది. వడ్డీ 42 వేల దగ్గర ఆగుతుంది. అంటే అప్పు మార్చడం తప్పు కాదు. మిగిలిన ఏడు వేలు ఎటు పోతాయన్నదే ప్రశ్న. షాపు నడిచే ఇంట్లో అవి ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

కార్డు ఇల్లు అడగదు

ఇంకో తేడా ఈఎంఐ కాలిక్యులేటర్‌లో కనిపించదు. పర్సనల్ లోన్‌కు, కార్డుకు తాకట్టు లేదు. కట్టలేకపోతే స్కోరు పడిపోతుంది, ఫోన్లు వస్తాయి, కేసూ వేయొచ్చు. కానీ నేరుగా ఇంటి మీదకు రాలేరు. అదే బాకీని ఇంటి లోన్‌లో కలిపితే సర్ఫేసీ చట్టం కిందకు వస్తుంది. 90 రోజులు వాయిదా తప్పితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసు. అప్పటికీ కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. షాపు సరుకు కోసం గీకిన కార్డు బాకీకి అమ్మ వంటిల్లు పూచీ పడుతుందన్నమాట.

‘మరి ఇల్లు ఇట్లనే వదిలేద్దామా?’ అని నాన్న అడిగారు. న్యాయమైన ప్రశ్న. నీళ్లు తాగిన గోడలో కరెంటు వైర్లు ఉన్న ఇంట్లో వాయిదా వేయడానికి లేదు. అందుకే మేస్త్రీని మళ్లీ పిలిచి ఎస్టిమేట్‌ను రెండుగా విడగొట్టించాం. ఆగనివి: వైరింగ్, స్విచ్ బోర్డులు, వెనకవైపు కుంగిన పునాది, పెచ్చులూడిన గోడల ప్లాస్టరింగ్, బాత్రూం పైపులు. ఆగేవి: టైల్స్, కొత్త తలుపులు, కాంపౌండ్ వాల్, రంగులు. ఆగనివి కలిపితే 4 లక్షల లోపే తేలింది.

భద్రాచలంలో ఇంకో కథ

ఈ చర్చ జరుగుతుండగా భద్రాచలం నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్ల ఇల్లు 2022 జులైలో మునిగింది. అక్కడ గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 53 దగ్గర మూడోది ఇస్తారు. ఆ ఏడాది జులై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే.

‘మీకు ఇల్లు పెట్టుకుని అప్పిచ్చేవాళ్లన్నా ఉన్నారు, మాకు అదీ లేదు’ అంది అత్త. కారణం 1/70 చట్టం. భద్రాచలం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించాక, ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదు. అమ్మేవాళ్లూ గిరిజనేతరులే అయినా అంతే. బదలాయింపు అన్న మాటలో తనఖా కూడా ఉంది. బ్యాంకులకు కొంత మినహాయింపు ఉన్నా, అప్పు తీరకపోతే ఆ ఆస్తిని గిరిజనులకో, వాళ్ల సొసైటీకో మాత్రమే అమ్మాలి. అందుకే గిరిజనేతరుల ఇళ్ల మీద అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. కోయలు, ఇతర ఆదివాసీల భూములు అప్పుల పేరుతో చేతులు మారిపోతుంటే ఆపడానికి వచ్చిన చట్టమది. దాని అవసరం ఏంటో ఆ ప్రాంతం చరిత్రే చెబుతుంది.

మరి అత్త ఏం చేసింది? బంగారం పెట్టింది, డ్వాక్రా గ్రూపులో లోన్ తీసుకుంది, రెండు ఎండాకాలాల్లో కొంచెం కొంచెంగా ఇల్లు బాగుచేయించుకుంది. పక్కింటివాళ్లు మూడు రూపాయల వడ్డీకి ప్రైవేటులో తెచ్చారు. మన తరానికి ఆ మాట చిన్నగా వినిపిస్తుంది కానీ, నెలకు నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఇల్లు పెట్టే వీలు లేకపోవడం వరమేమీ కాదు. కానీ అత్త చేసిన ఒక పని మాకూ పనికొచ్చింది. చేతిలో ఉన్న అప్పుకు సరిపడా పనే చేయించింది తప్ప, పనికి సరిపడా అప్పు వెతకలేదు.

చివరికి ఏం చేశామంటే

పాత బ్యాంకులోనే 4 లక్షల టాప్‌అప్ తీసుకున్నాం. 9.5 శాతం, 5 ఏళ్లు, ఈఎంఐ సుమారు 8,400. అది నా జీతంలోంచి పోతుంది. పర్సనల్ లోన్, కార్డు వాయిదాలు ప్లాన్ ప్రకారమే షాపు నుంచి నాన్న కడుతున్నారు. రెండూ కలపలేదు.

బ్యాంకు 15 ఏళ్లకు ఇస్తామంది. నాన్న వయసు 58. 15 ఏళ్లంటే ఆయనకు 73 వస్తాయి. అందుకే కో-అప్లికెంట్‌గా నా సంతకం అడిగారు. ఈ మాట మీ ఇంట్లోనూ వస్తుంది కాబట్టి చెబుతున్నా. కో-అప్లికెంట్ అంటే సాక్షి కాదు. మొత్తం బాకీకి మీరూ బాధ్యులే. రేపు మీరు సొంతంగా ఇంటి లోన్‌కు వెళ్తే ఈ ఈఎంఐని మీ జీతంలోంచి తీసేసి చూస్తారు.

సంతకానికి ముందు

- క్రెడిట్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితం. బ్యాంకు చూడకముందే మీరు చూడండి.
- కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. అన్ని ఛార్జీలు కలిపిన అసలు ఏడాది రేటు అందులో ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి రిటైల్ లోన్లన్నింటికీ అది ఇవ్వాల్సిందే.
- ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌ను ముందే తీర్చినా, వేరే బ్యాంకుకు మార్చినా వ్యక్తుల నుంచి పెనాల్టీ వసూలు చేయకూడదు.
- లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఇంటి కాగితాలు ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేలు మీకు చెల్లించాలి.
- వరద ప్రాంతాల్లో పాత అప్పుల గడువు మార్చేందుకు ఆర్బీఐ 2018లోనే బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. కొత్త అప్పుకు ముందు అది అడగండి, ఆలస్యం చేయకుండా, రాతపూర్వకంగా.
- వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు పట్టించుకోకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

మా ఇంట్లో వైరింగ్ కొత్తది, పునాది గట్టిపడింది, కాంపౌండ్ వాల్ ఇంకా సగం కూలే ఉంది. చుట్టాలొస్తే నాన్నకు అదే ముందు కనిపిస్తుంది. ‘దాని సంగతి కార్డు తీరాక చూద్దాంలే’ అని ఇప్పుడు ఆయనే అంటున్నారు. ఈఎంఐ ఎంతని అందరూ చెబుతారు. మీరు మాత్రం ఆఖరి ఈఎంఐ ఏ నెలలో, ఏ ఏడాదిలో అని అడగండి. ఆ తేదీ నాటికి మీ నాన్నకు ఎన్నేళ్లు, మీకు ఎన్నేళ్లు అని లెక్కేసుకున్నాకే పెన్ను పట్టుకోండి.