బిడ్డల మూత్రపిండవ్యాధి: మన కర్తవ్యము

1950 నాటికి మూత్రపిండములు శాశ్వతముగా చెడిన బిడ్డకు మరణమే గతి. నేడు రక్తశుద్ధి యంత్రము ప్రాణము నిలుపుచున్నది. మూత్రపిండమార్పిడి అంతకంటె దీర్ఘాయువును, మేలైన ఎదుగుదలను ఒసగుచున్నది. 2007లో ఆరోగ్యశ్రీ మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన అనంతపురము నొకటి. 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమమును వెలసెను. అయినను యాడికివంటి మెట్టసీమ గ్రామమునుండి వారమునకు మూడుమారులు బిడ్డను దూరపు ఆసుపత్రికి గొనిపోవు కూలివానికి నష్టపడిన దినకూలి నెవరిత్తురు?

పసివారియందు ఈ వ్యాధికి పుట్టుకతో వచ్చిన మూత్రమార్గలోపములు ముఖ్యకారణము. మూత్రధార సన్నగిల్లినను, ముఖము ఉబ్బినను, ఎదుగుదల కుంటుపడినను జాగుసేయరాదు. ముందు గుర్తించిన వ్యాధిని పెక్కేండ్లు నిలువరింపవచ్చును. కావున గ్రామపెద్దలు పాఠశాలలందు మూత్రపరీక్షయు, రక్తపుపోటు పరీక్షయు జరిపింపవలెనని మేము కోరుచున్నాము. ఈ పరీక్షల కగు వ్యయ మత్యల్పము. ఆలస్యమునకు మూల్యము బిడ్డ ప్రాణము.