పాత ఇంటికి కొత్త వైరింగ్: గోడ కొట్టకముందే వేసుకోవాల్సిన లెక్క

ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇళ్లలో కరెంటు అవసరం కొద్దిగానే ఉండేది. నాలుగు ట్యూబ్‌లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక టీవీ, మిక్సీ, ఫ్రిజ్. మీటరు నుంచి వచ్చిన ఒకటి రెండు జతల వైర్లనే గది గదికీ లాగి పని కానిచ్చేవారు. ఇప్పుడు అవే వైర్ల మీద గీజర్, ఏసీ, ఇండక్షన్ స్టవ్, వాషింగ్ మెషీన్ వచ్చి కూర్చున్నాయి. వైరింగ్ మార్చాలనుకోగానే ఏ కంపెనీ వైరు, ఏ మోడల్ స్విచ్చులు అన్న చర్చ మొదలవుతుంది. అంతకన్నా ముందు తేలాల్సింది ఇంటికి ఎన్ని సర్క్యూట్లు కావాలి, ఏ సర్క్యూట్ మీద ఏముండాలి అన్నది.

డిస్ట్రిబ్యూషన్ బోర్డులోని ఒక ఎంసీబీ నుంచి బయల్దేరే వైర్లు, వాటి మీద ఆధారపడిన పాయింట్లు అన్నీ కలిపి ఒక సర్క్యూట్. ఎంసీబీ ఉన్నది ఏసీనో గీజర్‌నో కాపాడడానికని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కాపాడేది గోడలో ఉన్న వైరును.

ఒక చలికాలపు ఉదయం లెక్క చూద్దాం. గీజర్ 2,000 వాట్లు, ఇండక్షన్ స్టవ్ 2,000, నీళ్లు వేడి చేసుకుని ఉతికే వాషింగ్ మెషీన్ మరో 2,000. మొత్తం 6,000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 26 ఆంపియర్లు. మూడూ ఒకే సర్క్యూట్ మీద ఉంటే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతుంది. నాలుగు రోజులు వరసగా అలా జరిగితే ఎవరో ఒకరు వచ్చి 32 ఆంపియర్లది బిగించి వెళ్తారు. ఇక పడిపోదు. కానీ గోడలోని వైరు మారలేదు. పైపులో ఉన్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మన ఎండల్లో మోయగలిగేది 20 ఆంపియర్లకు అటూ ఇటూ. వేడి కరెంటుకు వర్గంలో పెరుగుతుంది కాబట్టి, 26 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి 20 దగ్గర పుట్టేదానికి దాదాపు 70 శాతం ఎక్కువ. వైరు మీది పీవీసీ తొడుగు మెల్లగా పెళుసెక్కుతుంది. ఇల్లు షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోయిందని చెప్పుకునే కథల్లో కొన్నిటికి మొదలు ఈ ‘రిపేరే’.

అందుకే గీజర్‌కు, ప్రతి ఏసీకి విడివిడిగా సర్క్యూట్ ఇవ్వాలి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి. వంటింటికి కనీసం రెండు సర్క్యూట్లు పెట్టుకోవడం మంచిది. రేపు ఎయిర్ ఫ్రయ్యరో మైక్రోవేవో రాకుండా ఉండదు. లైట్లు, ఫ్యాన్లకు 1.5 వైరు చాలు. సర్క్యూట్‌కు 10 పాయింట్లు, 800 వాట్లు అన్న పాత కొలత ఎల్‌ఈడీల కాలంలోనూ పనికొస్తుంది. ఇల్లంతటి లైట్లనూ ఒకే ఎంసీబీ మీద పెడితే అది పడిన రాత్రి దాన్ని ఎత్తడానికి సెల్‌ఫోన్ లైటుతో వెతుక్కోవాలి.

ఎంసీబీ వైరును కాపాడుతుంది కానీ మనిషిని కాపాడదు. ఒంటి గుండా 100 మిల్లీఆంపియర్లు పోయినా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. ఆ పని 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని అది నిరంతరం పోల్చి చూస్తుంది, తేడా వస్తే ఆపేస్తుంది. పాత ఇళ్లలో చిక్కు ఇక్కడే. వైరు ఆదా చేయడానికి ఒక గది ఫేజ్‌కు పక్క గది న్యూట్రల్‌ను కలిపేసి ఉంటారు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు కూడా ఫేజ్ ఒక్కటే లాగి, న్యూట్రల్‌ను దగ్గర్లోని బోర్డులో తగిలిస్తారు. అలాంటి ఇంట్లో ఆర్‌సీసీబీ లైటు వేసినప్పుడల్లా పడుతుంది. విసిగిపోయి దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తారు. కొత్త వైరింగ్‌లో ప్రతి సర్క్యూట్‌కూ, ఇన్వర్టర్ లైనుకూ సొంత న్యూట్రల్ బోర్డు దాకా రావాలని ముందే రాసుకోవాలి. తర్వాత సరిదిద్దడం అంటే మళ్లీ గోడ కొట్టడమే.

వీలైతే ఆర్‌సీసీబీలు రెండు పెట్టాలి. గీజర్ కాయిల్ పాడై లీకేజీ మొదలైతే, అదే ఆర్‌సీసీబీ కింద ఉన్న ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. ఊరెళ్లి వచ్చేసరికి అందులోవన్నీ కుళ్లిపోయి ఉంటాయి.

ఎర్త్ సంగతీ అంతే ముఖ్యం. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు. కొన్నిచోట్ల న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు చుట్టేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ తలుపుకే కరెంటు వస్తుంది. ఆకుపచ్చ వైరు ప్రతి సాకెట్ నుంచి బోర్డుకు, అక్కడి నుంచి బయటి ఎర్త్ గుంతకు చేరాలి.

ఈ లెక్కంతా కాగితం మీదికి వచ్చాక, ఒకేసారి నడిచే అవకాశమున్నవాటి వాట్లు కూడి, కరెంటు బిల్లులో ఉన్న కాంట్రాక్టెడ్ లోడ్‌తో పోల్చుకోవాలి. అది తక్కువైతే పని మొదలుపెట్టకముందే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎందుకంటే మీటరు దగ్గరికి వచ్చే సర్వీసు వైరు కూడా పాతదే.