యాక్సిలరేటర్ కట్టేయకండి, క్యారియర్ విప్పేయండి

నికాహ్‌కో, ఈద్‌కో పెదకూరపాడు నుంచి కారులో హైదరాబాద్ బయల్దేరితే, సత్తెనపల్లి దాటి పిడుగురాళ్ల దగ్గర అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు ఎక్కుతాం. అక్కడ్నించి ఒకే స్పీడులో పోతే డీజిల్ మిగులుతుంది, నిజమే. అలాగని యాక్సిలరేటర్‌ను వైరుతోనో, చెక్కముక్కతోనో బిగించకండి. కంపెనీ క్రూజ్ కంట్రోల్ అయితే బ్రేకు తొక్కగానే వదిలేస్తుంది. వైరు వదలదు. ఎదురుగా ట్రాక్టర్ అడ్డొస్తే? వెనక సీట్లో మన పిల్లలుంటారు.

ఖర్చులేని పనులు వేరే ఉన్నాయి. సామాను లేనప్పుడు పైన క్యారియర్ విప్పేయండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, కంపెనీ స్టిక్కర్ మీద రాసినంత గాలి పట్టించండి. 80 బదులు 100లో పోతే ఎదురుగాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాబట్టి 80 దగ్గర కాలు నిలకడగా ఉంచండి.

ఆర్సీలోని కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. మార్చాల్సింది బండిని కాదు, నడిపే తీరుని.