బెల్లడోనా: అందగత్తె పేరు, ఆయువు తీసే గుణం

యూరప్ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో, సున్నపు నేలలున్న అడవుల అంచున నడుమెత్తు పెరిగే గుబురు మొక్క ఒకటుంది. వేసవిలో వెలిసిపోయిన ఊదారంగు పూలు తలలు వంచుకుని వేలాడతాయి. తర్వాత వచ్చే పండు చెర్రీ అంత ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతూ, అయిదు కోణాల ఆకుపచ్చ తొడిమ మీద ఒక్కటే కూర్చుని ఉంటుంది. రుచి కాస్త తీపి. పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఆ తీపే.

ఇటలీ వాళ్లు దీన్ని బెల్లడోనా అన్నారు, అంటే అందగత్తె. జర్మన్ల నోట ఇది టోల్‌కిర్షె, పిచ్చి చెర్రీ. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఇటలీ పేరును ఉంచి, దాని ముందు ‘అట్రోపా’ చేర్చాడు. గ్రీకు పురాణాల్లో మనిషి ఆయుష్షు ఒక దారం. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఒకామె దాన్ని వడుకుతుంది, ఒకామె కొలుస్తుంది, అట్రోపోస్ తెంచేస్తుంది. నూకలు చెల్లాయని తేల్చేది ఆవిడే. అందం, పిచ్చి, చావు అని మూడు పేర్లు మూడు దారుల్లో పోతున్నట్టున్నా, మూడింటి వెనకా ఉన్న రసాయనం ప్రధానంగా ఒక్కటే: అట్రోపిన్.

కంటిపాపను చిన్నది చేసే కండరానికి నరం నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం అందాలి. అది వచ్చి కూర్చోవాల్సిన గ్రాహకాల్లో అట్రోపిన్ ముందే, బస్సు సీటుకు రుమాలు వేసినట్టు, చోటు పట్టేస్తుంది. తను ఏ పనీ చేయదు, రావలసినదాన్ని రానివ్వదు. కండరం సడలి కంటిపాప విప్పారుతుంది. వెనిస్ స్త్రీలు కళ్లు పెద్దవిగా కనిపించాలని ఈ మొక్క రసం వేసుకునేవారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. ఆ అందానికి వాళ్లు చెల్లించిన ధర మాత్రం ఊహించడం కష్టం కాదు. వెలుతురు భరించలేరు, దగ్గరి వస్తువు ఆనదు. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేయించుకుని ఫోను చదవలేక బయట కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఆ చుక్కల్లో తరచూ వాడే ట్రోపికమైడ్ కూడా అట్రోపిన్‌కు చుట్టమే.

అవే గ్రాహకాలు గుండెలో, లాలాజల గ్రంథుల్లో, పేగుల్లో, మెదడులోనూ ఉన్నాయి. పండ్లు తిన్నవాడికి నోరు పిడచకట్టుకుపోతుంది, చెమట ఆగి ఒళ్లు కాలిపోతుంది, చర్మం ఎర్రబడుతుంది, గుండె పరిగెడుతుంది. ఆపైన లేనివి కనిపిస్తాయి, సంధి ప్రేలాపన మొదలవుతుంది. జర్మన్ల పిచ్చి అదే. మోతాదు ఇంకా మించితే అట్రోపోస్ వంతు.

1819లో యేనా నగరంలో రుంగె అనే యువ రసాయన శాస్త్రవేత్త ఒక పిల్లిని చంకనేసుకుని మహాకవి గోథే దగ్గరికి వెళ్లాడు. బెల్లడోనా సారం పడ్డ పిల్లి కంటిపాప ఎంత పెద్దదవుతుందో చూపించాడు. ముచ్చటపడిన గోథే పరీక్షించి చూడమని కాఫీ గింజలిచ్చాడు. వాటి నుంచే రుంగె కెఫీన్‌ను వేరుచేశాడు. మన పొద్దుటి కాఫీలో ఏముందో తెలియడానికి ఒక విషపు మొక్క దారి చూపిందన్నమాట.

బెల్లడోనా మన పొలాల్లో మొలవదు. ఇంగ్లీషులో ‘నైట్‌షేడ్’ అన్న మాట చూసి మన కామంచి మొక్కను అనుమానించనక్కర్లేదు. దాని పండ్లు చిన్నవి, గుత్తులుగా కాస్తాయి. పచ్చికాయలు మాత్రం తినకూడదు. బెల్లడోనాకు మన దగ్గరున్న అసలైన జోడీ ఉమ్మెత్త. దాని గింజల్లోనూ ఇవే విషాలున్నాయి.

మన ఆసుపత్రుల్లో మాత్రం అట్రోపిన్ రోజూ పనికొచ్చే మందు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి పోతే అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ పనిచేయదు. అసిటైల్‌కోలిన్ పేరుకుపోయి నోట నురగలు వస్తాయి, ఊపిరితిత్తుల్లో ద్రవం నిండుతుంది, కంటిపాప చుక్కంత అవుతుంది. అంటే బెల్లడోనా చేసేదానికి సరిగ్గా తిరగేసిన చిత్రం. అందుకే డాక్టర్లు అట్రోపిన్ ఎక్కిస్తారు, ఊపిరితిత్తులు తేటపడేదాకా మోతాదు పెంచుతూ పోతారు. ఎవరైనా పురుగుమందు తాగినా, పిచికారీ చేస్తూ పడిపోయినా నాటువైద్యంతో, బలవంతపు వాంతులతో కాలయాపన చేయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ మందు డబ్బాను కూడా ఆసుపత్రికి పట్టుకెళ్లండి.