పాతర గడ్డికి తీపి ఎందుకు?

వానాకాలంలో గట్ల నిండా పచ్చగడ్డి ఉంటుంది. గేదె కడుపు నిండా మేస్తుంది. పాలు బాగా ఇస్తుంది. ఎండాకాలం వస్తే పచ్చగడ్డి ఉండదు. ఒట్టి ఎండుగడ్డి మేస్తే పాలు తగ్గిపోతాయి. మేత కొనలేక కొందరు గేదెను అయినకాడికి అమ్ముకుంటారు.

పచ్చగడ్డి ఉన్నప్పుడే గోతిలో దాచుకుంటే ఈ బాధ తగ్గుతుంది. అలా దాచిన గడ్డిని పాతర గడ్డి అంటారు. సైలేజి అని కూడా అంటారు.

గడ్డి ఎలా నిలవ ఉంటుంది?

ఇడ్లీ పిండి రుబ్బి పెడితే తెల్లారేసరికి పులుస్తుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులే దాన్ని పులిపిస్తాయి. పాతరలో గడ్డీ అలాగే పులుస్తుంది. మేలు చేసే సూక్ష్మజీవులు గడ్డిలోని తీపిని తిని పులుపుగా మారుస్తాయి. పెరుగులో ఉండే పులుపు కూడా ఇదే. ఆ పులుపులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. అందుకే గడ్డి పాడు కాదు.

ఇలా జరగాలంటే గడ్డికి గాలి తగలకూడదు. గడ్డిలో తీపి ఉండాలి.

ఏ గడ్డికి ఏం కలపాలి?

గింజ పాలు పోసుకున్న మొక్కజొన్నలో తీపి ఉంటుంది. పూతకు వచ్చిన జొన్నలోనూ ఉంటుంది. ఏమీ కలపకపోయినా ఇవి పులుస్తాయి. నేపియర్ గడ్డిలో, గట్ల మీది గడ్డిలో తీపి తక్కువ. నీరు ఎక్కువ. వీటికి బెల్లం మడ్డి కలపాలి. 100 కిలోల గడ్డికి 2 నుంచి 3 కిలోలు చాలు. మడ్డి దొరక్కపోతే బెల్లం కలపొచ్చు. కొంచెం నీళ్లలో కరిగించి, వరస వరసకీ చల్లాలి. అరకిలో ఉప్పు కూడా వేస్తే పశువు ఇష్టంగా తింటుంది.

పాలకు తోడు వేసినట్టు, గడ్డికి వేసే సూక్ష్మజీవుల పొడి కూడా అమ్ముతారు. ఒక రకం గడ్డిని త్వరగా పులిపిస్తుంది. ఇంకో రకం పాతర తెరిచాక బూజు పట్టకుండా కాపాడుతుంది. అయితే తీపి లేని గడ్డిలో ఒక్క పొడే వేస్తే లాభం లేదు. సూక్ష్మజీవులకూ తిండి కావాలి కదా!

కొందరు యూరియా వేస్తారు. యూరియా పులుపును తగ్గిస్తుంది. ఎక్కువైతే పశువు ప్రాణానికే ముప్పు. పశువుల డాక్టరును అడగకుండా వేయొద్దు.

పాతర వేసే తీరు

కోసిన గడ్డిని కొన్ని గంటలు వాడనివ్వాలి. అంగుళం ముక్కలుగా నరకాలి. గుప్పెట్లో గట్టిగా పిండి చూడాలి. నీరు కారితే ఇంకా ఆరాలి. ముద్ద మెల్లగా విడిపోతే అదే సరైన పదును.

నీరు నిలవని మెరకలో గొయ్యి తవ్వాలి. అడుగున, పక్కల ప్లాస్టిక్ పట్టా పరవాలి. జానెడు మందం గడ్డి వేసి, గట్టిగా తొక్కి, మళ్లీ వేయాలి. తొక్కడమే అసలు పని. లోపల గాలి మిగిలితే ఎంత బెల్లం పోసినా దండగే. ఒకటి రెండు రోజుల్లో నింపేయాలి. పైన పట్టా కప్పి, మట్టి వేసి, బరువు పెట్టాలి.

తెరిచాక

45 రోజులు దాటాక తెరవొచ్చు. మంచి పాతర గడ్డికి పుల్లని, కమ్మని వాసన ఉంటుంది. నల్లబడినా, బూజు పట్టినా, కంపు కొట్టినా పారేయాలి. చూడి పశువుకు అది మరీ ప్రమాదం.

ఒక పక్క నుంచే తీయాలి. ఆ రోజుకు కావలసింది తీసి, వెంటనే కప్పాలి. మొదట రోజుకు 5 కిలోలు పెట్టాలి. అలవాటయ్యాక 15 కిలోలు పెట్టొచ్చు. ఎండుగడ్డి కూడా వేయాలి. పాలు పితికాకే పాతర గడ్డి పెట్టాలి. లేకపోతే పాలకు వాసన పడుతుంది.

లెక్క వేయండి

ఒక గేదెకు రోజుకు 15 కిలోల చొప్పున 90 రోజులకు 1350 కిలోలు కావాలి. 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గోతిలో సుమారు 1500 కిలోల గడ్డి పడుతుంది.

100 కిలోలకు 2 కిలోల మడ్డి చొప్పున, 1500 కిలోల గడ్డికి ఎంత మడ్డి కావాలి? మీ ఊళ్లో దాని ఖరీదు ఎంత? మూడు నెలలు మేత కొంటే అయ్యే ఖర్చు ఎంత? రెండూ పక్క పక్కన రాసి చూడండి.